ఒక్క అక్షరం తప్పితే

రంజాన్ నెలలో తరావీహ్ చదివించే హాఫిజ్ సాబ్ ఎక్కడైనా ఒక్క అక్షరం తడబడితే, మొదటి సఫ్‌లో నిలబడిన మరో హాఫిజ్ వెంటనే లుక్మా ఇస్తారు. ఇమాం సాబ్ ఆ చోటికి తిరిగి వచ్చి, సరిచేసుకొని ముందుకు సాగుతారు. బెల్లంపల్లిలో మనం ఏటా చూస్తున్నదే ఇది. ఇలాంటి ఏర్పాటే మన ఒంట్లోని కణాల్లోనూ ఉంది.

తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం వచ్చిన మన డి.ఎన్.ఎ.లో సుమారు 600 కోట్ల జతల అక్షరాలుంటాయి. అక్షరాలు మాత్రం నాలుగే: ఎ, టి, జి, సి. ఎ ఎదురుగా టి, జి ఎదురుగా సి ఉండాలన్నది నియమం. కణం రెండు కావడానికి ముందు ఇదంతా నకలు కావాలి. నకలు రాసే ఎంజైమ్ దాదాపు లక్ష అక్షరాలకు ఒకటి తప్పుతుంది. తప్పిన మరుక్షణమే వెనక్కి జరిగి, చాలావరకు తానే తుడిచి తిరిగి రాస్తుంది. అప్పటికీ మిగిలిన తప్పులను వెనుక వచ్చే మరికొన్ని ఎంజైమ్‌లు పట్టుకుంటాయి. చివరికి నూరు కోట్ల అక్షరాలకు ఒకటి మిగిలితే గొప్ప. డి.ఎన్.ఎ. మరమ్మతుల గుట్టు విప్పినందుకు 2015లో ముగ్గురు శాస్త్రవేత్తలకు నోబెల్ బహుమతి లభించింది. వారిలో ఒకరైన అజీజ్ సంజార్ తుర్కియేలోని సావుర్ అనే చిన్న పట్టణంలో, చదువురాని తల్లిదండ్రుల ఎనిమిది మంది సంతానంలో ఏడవవాడు.

అయితే ఈ నకలు రాసే యంత్రాంగానికి మంచీ చెడూ తెలియదు. ఏనాడో జారిపోయిన ఒక తప్పు స్థిరపడిందంటే, దాన్ని కూడా అంతే నమ్మకంగా తరతరాలకూ రాసి పంపుతుంది. మన పాత ఆదిలాబాద్ జిల్లా గోండు, కొలాం గూడేలలో కనిపించే సికిల్‌సెల్ జబ్బుకు మూలం ఒకే అక్షరం. హీమోగ్లోబిన్ జన్యువులో ఎ ఉండవలసిన చోట టి వచ్చింది. దాంతో ఎర్రకణాలు కొడవలిలా వంగి, రక్తనాళాల్లో చిక్కుకొని, భరించలేని నొప్పులు తెస్తాయి. ఇదే జన్యువులోని ఇతర తప్పుల వల్ల వచ్చే తలసీమియా ఏ కులాన్నీ, ఏ మతాన్నీ వదలలేదు. అది తీవ్రంగా ఉన్న పిల్లలకు రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించవలసిందే.

మనం ఆలోచించవలసింది ఇక్కడే. ఈ తప్పు తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే వస్తే బిడ్డ సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటుంది. ఇద్దరిలోనూ ఉంటే ప్రతి కాన్పులోనూ జబ్బు బిడ్డ పుట్టే అవకాశం నాలుగింట ఒకవంతు. చాచా, ఫుప్పూ, మామూ, ఖాలా పిల్లల మధ్య నిఖాలు మన ఇళ్లలో మామూలే. పొరుగు హిందూ కుటుంబాల్లో మేనరికాలూ ఉన్నాయి. ఇలాంటి సంబంధాల్లో, తాతగారి డి.ఎన్.ఎ.లోని ఒకే తప్పు వధూవరులిద్దరికీ చేరే వీలు ఎక్కువ. షరీఅత్ ఈ సంబంధాలను అనుమతించిందే గాని తప్పనిసరి చేయలేదు. కనీసం కళ్లు తెరిచి చేసుకుందాం.

ఇరాన్ 1997 నుంచి పెళ్లికి ముందు తలసీమియా పరీక్షను దేశమంతటా అమలు చేసింది. సౌదీ అరేబియా 2004లో సికిల్‌సెల్, తలసీమియా పరీక్షలను తప్పనిసరి చేసింది. ఫలితం తెలిశాక నిర్ణయం మాత్రం జంటకే వదిలింది.

"పరీక్ష అంటే పిల్ల సంబంధం చెడిపోతుంది" అని మన పెద్దలు భయపడతారు. ఆ భయం అబద్ధం కాదు. అందుకే పరీక్ష అమ్మాయికి మాత్రమే కాదు, అబ్బాయికీ చేయించాలి. ఈ తప్పును మోస్తున్నవారు రోగులు కారు. రెండోవారిలో అలాంటి తప్పు లేకుంటే ఆ జంటకు ఈ జబ్బుల భయం ఉండదు. సంబంధం ఖాయం కాకముందే ఫలితం చేతిలో ఉంటే ఎవరి పరువూ పోదు.

గల్ఫ్ వీసా కోసం రక్తం ఇవ్వడానికి మన యువకులు వెనుకాడరు. పుట్టబోయే బిడ్డ కోసం నిఖాకు ముందు ఒక్కసారి ఇవ్వలేమా? కణం తన పని తాను చేస్తూనే ఉంది. అది పట్టుకోలేని తప్పుకు లుక్మా ఇవ్వవలసింది మనమే.