చేను ఖాళీ చేసి ఫ్రీజర్ నింపాం

హైదరాబాద్ నుంచి ముంబై రోడ్డు పట్టుకుంటే ముందు పటాన్‌చెరు వస్తుంది. అక్కడి పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ జన్యుబ్యాంకులో జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ, చిరుధాన్యాలవి లక్షా ఇరవై వేలకు పైగా విత్తన నమూనాలు, చాలావరకు మైనస్ 20 డిగ్రీల చలిలో, భద్రంగా ఉన్నాయి. అదే రోడ్డున గంటన్నర పోతే జహీరాబాద్. ఆ చుట్టుపక్కల ఊళ్లలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు, ఎక్కువమంది దళితులు, చిన్నపాటి చెలకల్లో అవే పంటల విత్తనాన్ని ఏటేటా విత్తి బతికించుకున్నారు. వ్యవసాయం చదివిన మాకు ఆ గంటన్నర దూరం దాటడానికి దశాబ్దాలు చాల్లేదు.

విత్తనం దాచడం తప్పు కాదు. గింజను తెచ్చుకుని, దాని సంగతి తెలిసిన మనిషిని ఊళ్లోనే వదిలేయడం తప్పు. సంకర జొన్న సంగతే చూడండి. 1964లో సీఎస్‌హెచ్-1 విడుదలైంది. పొట్టిది, తొందరగా కోతకొస్తుంది, గింజ ఎక్కువ. మా లెక్కకు ఇంకేం కావాలి? వానాకాలపు పాత పొడుగు జొన్న పగటి పొద్దు తగ్గేదాకా ఆగి, వానలు వెనకపట్టాక గింజ కట్టేది. తొందరపడే సంకరాలు వానలోనే గింజ కట్టి బూజు పట్టాయి. బూజు గింజకు అంగట్లో ధర లేదు, రొట్టెకు రుచి లేదు. చొప్ప తగ్గి ఎడ్లకు మేత కరువైంది. నాటు జొన్న అంత ఆలస్యం ఎందుకు చేస్తుందో ఊళ్లో ఏ ముసలమ్మను అడిగినా చెప్పేది. అడగలేదు. తర్వాత ఆ బూజు మీదే పీహెచ్‌డీలు చేశాం. యాసంగిలో ఇప్పటికీ నిలబడ్డ ఎం 35-1 మహారాష్ట్ర రైతుల మాల్దండి జొన్న నుంచి ఏరుకున్నదేనని మాత్రం క్లాసులో ఒక్క ముక్కలో చెప్పి దాటేశాం.

చేలోకి దిగిన రోజునైనా కళ్లు తెరవలేదు. జొన్న, కంది, అనుము, బొబ్బర, పుంటికూర కలిసి పెరిగే చేనుకు మా ఫారంలో ‘ప్రధాన పంట’ అని ఒకటే గడి. జొన్న తూచి దిగుబడి తక్కువని రాశాం. పప్పు, కూర, చొప్ప, పొయ్యిలోకి కందికట్టె ఏ గడిలోకీ రాలేదు. రైతు పేరు దగ్గర భర్త పేరు రాశాం. కంకి ఎంచి, గింజలో వేపాకూ బూడిదా కలిపి, బుట్టకు పేడ అలికి దాచింది ఆమె.

తప్పు మా ఒక్కరిదే అంటే తక్కినవాళ్లు తప్పించుకున్నట్టే. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. పేదల కడుపు నింపింది, కాదనను. ఆ రేషన్‌లో జొన్నకెందుకు చోటు లేదని అడిగినవాళ్లం ఎంతమందిమి? గటక తినడం నామోషీ అనుకున్నవాళ్లమే, డాక్టరు షుగర్ అనగానే అదే జొన్నను సూపర్‌మార్కెట్లో ముద్దుగా కొంటున్నాం. 2023లో ఐక్యరాజ్యసమితి చెప్పిందని చిరుధాన్యాల పండగ చేశాం. ఆ జహీరాబాద్ మహిళలేమో ఏళ్ల తరబడి, సంక్రాంతి రాగానే ఎడ్లబండ్ల మీద విత్తనాలు పేర్చుకుని పాత పంటల జాతర ఊరూరా తిప్పుతూనే ఉన్నారు.

2001 నాటి చట్టం రైతు కాపాడిన వంగడాన్ని రైతు పేరనే నమోదు చేయొచ్చంది. మన మీటింగుల్లో మాత్రం వాళ్లింకా లబ్ధిదారులే. వంగడం విడుదల చేసే కమిటీలో ఆ మహిళలకు కుర్చీలు వేయండి. ఆ రోజు కూలి పోతుంది కాబట్టి టీఏ, డీఏ మనకిచ్చినట్టే ఇవ్వండి. వాళ్లు రొట్టె చేసుకుని తిని, బాగుందన్నాకే సంతకం పెట్టండి.