గేమ్ ఆగిపోయిందా? ఓకే నొక్కే ముందు చదవనివ్వండి



గత పేరెంట్స్ మీటింగ్‌లో తొమ్మిదో తరగతి అబ్బాయి నాన్నగారు నా దగ్గరకొచ్చి ఒక మాట అడిగారు. "మేడమ్, ఆదివారం వస్తే వీడు ల్యాప్‌టాప్‌లో కార్ల గేమ్ పెడతాడు. అది పావుగంటకోసారి ఆగిపోతుంది. వీడు దాంతో కుస్తీ పడుతూ కూర్చుంటాడు. మీరు చెబితే వింటాడు, ఆ గేమ్ తీసేయమనండి."

నేనూ అదే చెప్పబోయాను. ఎందుకో ఆగి అబ్బాయిని అడిగాను. "ఆగిపోయేటప్పుడు స్క్రీన్ మీద ఏమని వస్తుంది?"

"ఏదో ఇంగ్లిష్‌లో వస్తుంది మేడమ్. మెమరీ అని ఉంటుంది. ఓకే కొట్టేస్తాను."

ఈ అబ్బాయికి నా సబ్జెక్టులో మంచి మార్కులే వస్తాయి. పాఠం వెనక ప్రశ్నలకు తప్పుల్లేకుండా జవాబులు రాస్తాడు. కానీ తనకు నిజంగా అవసరమైన రెండు ఇంగ్లిష్ వాక్యాలు ఎదురుగా వస్తే చదవకుండా మూసేస్తున్నాడు. మీరు ఫీజు కట్టి ఇంగ్లిష్ మీడియంలో చేర్పించింది ఇందుకు కాదు. ఇందులో వాడి తప్పు కన్నా మా టీచర్ల తప్పే ఎక్కువ అనిపించింది.

ఆ తర్వాత మిగతా సంగతి తెలిసింది. 'మెమరీ' అన్న ఒక్క మాట పట్టుకుని, ఫోన్ నిండిపోయినట్టే ల్యాప్‌టాప్ కూడా నిండిందనుకుని ఇంట్లో వీడియోలన్నీ డిలీట్ చేశారు. గేమ్ మళ్లీ ఆగింది. షాపుకు తీసుకెళ్లి ఫార్మాట్ చేయించారు. డబ్బు ఖర్చయింది, అక్క డిగ్రీ ప్రాజెక్టు ఫైళ్లు పోయాయి. గేమ్ మాత్రం ఆగుతూనే ఉంది.

ఆ మెసేజ్ చెప్పింది స్టోరేజ్ గురించి కాదు, ర్యామ్ గురించి. స్టోరేజ్ అంటే బీరువా, ర్యామ్ అంటే చదువుకునే బల్ల. బీరువా ఎంత ఖాళీగా ఉన్నా, బల్ల చిన్నదైతే పుస్తకాలన్నీ ఒకేసారి పరుచుకోలేం. ఆ ల్యాప్‌టాప్‌లో ర్యామ్ 4 జీబీ మాత్రమే. గేమ్‌తోపాటు బ్రౌజర్‌లో పది పన్నెండు ట్యాబులు తెరిచి ఉండేవి. ఫార్మాట్ చేస్తే బీరువా ఖాళీ అవుతుంది కానీ బల్ల పెద్దది కాదు కదా!

మన ప్రాంతంలో బోరు మోటారు ఆగిపోతే మీరేం చేస్తారు? పీకి అవతల పారేయరు. ముందు ఫ్యూజు చూస్తారు. మూడు ఫేజులూ వస్తున్నాయా, స్టార్టర్ పనిచేస్తుందా, బోరులో నీళ్లున్నాయా అని ఒక్కొక్కటే చూస్తారు. గేమ్‌కైనా అదే పద్ధతి. తెరవగానే ఆగిపోతే ఆ గేమ్‌కు కావలసినంత కంప్యూటర్ మన దగ్గర ఉందో లేదో, గ్రాఫిక్స్ డ్రైవర్ పాతదేమో చూడాలి. ప్రతిసారీ ఒకే చోట ఆగితే ఏదో ఫైలు పాడై ఉండొచ్చు. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయినా అలా జరుగుతుంది. ఏ మెసేజూ లేకుండా ల్యాప్‌టాప్ మొత్తం ఆరిపోతే వేడి మీద అనుమానపడాలి. ఉదయగిరి, ఆత్మకూరు ఎండల్లో ల్యాప్‌టాప్‌ను పరుపు మీద పెడితే గాలి పోయే దారి మూసుకుపోతుంది.

ఇది పిల్లల ఆట విషయమే కదా అనుకోకండి. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సంస్థ పంపిన అప్‌డేట్‌లో పొరపాటు వల్ల ప్రపంచమంతటా దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు ఆగిపోయాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. ఆ రోజు మన హైదరాబాద్ విమానాశ్రయంలో చేతితో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. ఇంజినీర్లు తప్పు ఏ ఫైలులో ఉందో కనిపెట్టి, దాన్ని తీసేసే దారి చూపించారు. మన పిల్లలు ఇంజినీర్లు కావాలని కోరుకునే మనం, ఆ పని మొదటి మెట్టు ఇంట్లోనే కనబడితే తీసేయమంటున్నాం.

"గేమ్ బాగైతే ఇంకా ఎక్కువ ఆడతాడు కదా మేడమ్?" అని మీరడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఎంతసేపు ఆడాలి, ఆ గేమ్ వాడి వయసుకు తగినదేనా అన్నది మీరు నిర్ణయించండి. ఆ విషయంలో నేను మీ వైపే. కానీ ఆడాలా వద్దా అన్నది ఒక ప్రశ్న, ఎందుకు ఆగింది అన్నది వేరే ప్రశ్న. మొదటిదానికి మీరు వద్దని చెప్పినా, రెండోదానికి జవాబు వెతకనివ్వండి.

ఇంకో భయం కూడా ఉంది. తిడతారని మనకు చెప్పని పిల్లలు ఇంటర్నెట్‌లో దొరికిన ఏదో ఒక 'ఫిక్స్' డౌన్‌లోడ్ చేస్తారు. అది యాంటీవైరస్ ఆపేయమంటే ఆపేస్తారు. అదే ల్యాప్‌టాప్‌లో మీ బ్యాంకు పాస్‌వర్డ్ ఉండొచ్చు. గేమ్ ఆగిపోవడం కన్నా ఆ విషయం మన దగ్గర దాచడం ప్రమాదం.

ఆ అబ్బాయికి నేను చెప్పినవి మూడే. మెసేజ్ రాగానే ఓకే నొక్కకుండా ఫోటో తీసి, తెలియని మాటకు అర్థం వెతుకు. ఒకసారి ఒక్క మార్పే చెయ్యి. ఏం చేశావో, ఏం జరిగిందో నోట్‌బుక్‌లో రాయి. వారం తర్వాత ఒక పేజీ తెచ్చాడు. ట్యాబులన్నీ మూసి, గ్రాఫిక్స్ సెట్టింగ్ తగ్గించి ఆడితే గంటసేపు ఆగలేదని, ట్యాబులు మళ్లీ తెరిస్తే పావుగంటకే ఆగిందని ఇంగ్లిష్‌లో రాశాడు. స్పెల్లింగ్ తప్పులున్నాయి. కానీ ఈ ఏడాది వాడు చూడకుండా, బట్టీ పట్టకుండా సొంతంగా రాసిన మొదటి ఇంగ్లిష్ పేజీ అదే.

మీ ఇంట్లోనూ ఈసారి గేమ్ ఆగిపోతే, తీసేయమనే ముందు పక్కన పది నిమిషాలు కూర్చోండి. మీకు కంప్యూటర్ రాకపోయినా ఫర్వాలేదు. "ఏమని వచ్చింది? చదివి, నాకు తెలుగులో చెప్పు" అని అడిగితే చాలు. ఆ పేజీని వచ్చే మీటింగ్‌కు పంపండి. నేను క్లాసులో అందరి చేతా చదివిస్తాను.