ఒక కుటుంబం = ఒక ఎకరం? (‘రైతు’ అంటే ఎవరు – 6వ భాగం)



మొన్న హాస్టల్ మీటింగ్‌లో ఒక తమ్ముడు అడిగిండు: “అన్నా, రైతు ఉద్యమాల్లో మనం ఉండాలా, వద్దా?” అవును, కాదు అని ఒక్క ముక్కలో తేలే ప్రశ్న కాదది. అందుకే ఈసారి మిమ్మల్ని ఐర్లండ్ తీసుకుపోతా. రైతులు తమ ఓటుతో ఎలా బేరమాడతారో అక్కడ కనబడుతుంది.

2008 సంగతి. యూరోపియన్ యూనియన్‌లో అప్పుడు 27 దేశాలు. లిస్బన్ ఒప్పందం అమల్లోకి రావాలంటే అన్ని దేశాలూ ఒప్పుకోవాలి. మిగతావాళ్లు పార్లమెంట్లలో కానిచ్చేసే దారి పట్టారు. ఐర్లండ్ ఒక్కటే జనం ముందు ఓటుకు పెట్టింది. జూన్ 12న పోలింగ్.

అదే సమయంలో ప్రపంచ వాణిజ్య సంస్థ చర్చలు నడుస్తున్నాయి. యూరప్ తరఫున బేరమాడుతున్నది పీటర్ మాండెల్సన్. దిగుమతి సుంకాలు తగ్గితే బ్రెజిల్ గొడ్డుమాంసం చవకగా వచ్చిపడుతుందని, తాము మునిగిపోతామని ఐరిష్ రైతుల భయం. లిస్బన్ ఒప్పందానికీ ఈ సుంకాలకూ నేరుగా సంబంధం లేదు. అయినా రైతు సంఘం తెగేసి చెప్పింది: నష్టం చేసే వాణిజ్య ఒప్పందాన్ని వీటో చేస్తామని ముందు మాటివ్వండి, ‘యస్’ సంగతి తర్వాత చూద్దాం. జూన్ 3న ప్రధాని బ్రయాన్ కొవెన్ ఆ మాట ఇచ్చాడు. అప్పుడు గానీ సంఘం ‘యస్’ అనలేదు. పోలింగ్‌కు అప్పటికి తొమ్మిది రోజులే ఉంది.

దీన్ని బ్లాక్‌మెయిల్ అనేవాళ్లు అనొచ్చు, నేను అనను. వాళ్లు ఓటుకు ముందు అడిగారు. మనం ఓటేసి, జెండా మోసి, దండ వేసి, ఆ తర్వాత దరఖాస్తు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరుగుతాం. ఈ తేడా ముందు మనం నేర్చుకోవాలి.

అయితే ఆ బేరం ఎవరి కోసం? యూరప్ రైతు సబ్సిడీల్లో దాదాపు 80 శాతం 20 శాతం మందికే పోతుందని యూరోపియన్ కమిషన్ లెక్కలే చెబుతాయి. భూమి ఎక్కువున్నోడికి పైసలు ఎక్కువ. పుట్టగొడుగుల షెడ్లలో, మాంసం ఫ్యాక్టరీల్లో చెమటోడ్చే వలస కూలీ మాట ఆ వీటో బేరంలో లేదు. చివరికి నాయకులు ‘యస్’ అన్నా 53.4 శాతం ఓట్లు ‘నో’కే పడ్డాయి. ఓటు నాయకుడి జేబులో ఉండదు మరి. 2009 అక్టోబర్ 2న మళ్లీ ఓటు పెట్టి గెలిపించుకున్నారు.

ఆ 2008 జులైలోనే జెనీవాలో వాణిజ్య చర్చలు కూలిపోయాయి. మన మంత్రి కమల్‌నాథ్ పేద రైతుల బతుకు పేరు చెప్పి గట్టిగా నిలబడ్డాడు. మంచిదే. పంట ధర పడితే కూలి కూడా పడుతుంది. కానీ ఆ రోజుల్లో పొద్దుగూకేదాకా నాట్లేసి వచ్చే మా అమ్మను ఏ మంత్రీ ‘రైతు’ అనలేదు. 2011 జనాభా లెక్కల్లో సాగుదారులు 11.9 కోట్లు, వ్యవసాయ కూలీలు 14.4 కోట్లు. ఎక్కువమంది మనమే, పేరు మాత్రం వాళ్లది.

ఇక తెలంగాణకు రండి. 2018లో రైతుబంధు: ఎకరానికి సీజన్‌కు 4 వేలు, పాస్‌బుక్ ఉన్నోడికి, ఎన్ని ఎకరాలున్నా. కౌలుకు దున్నిన మా బావకు సున్నా. చెక్కు పట్నంలో ఉండే పట్టాదారుకు పోయింది, పైగా తర్వాతి ఏడు కౌలు పెంచిండు.

2025 జనవరిలో కొత్త లెక్క వచ్చింది. రైతుభరోసా ఎకరానికి ఏడాదికి 12 వేలు. ఇందిరమ్మ ఆత్మీయ భరోసా భూమిలేని కుటుంబానికి ఏడాదికి 12 వేలు, అదీ ఉపాధి హామీలో కనీసం 20 రోజులు పని చేసి ఉంటేనే. అంటే పిల్లాజెల్లా, ముసలీముతకా అందరం కలిసి ఒక్క ఎకరంతో సమానం. పదెకరాల ఆసామి మన పది కుటుంబాల పెట్టు. ఆయన మట్టి ముట్టాడా లేదా అని మాత్రం ఎవరూ అడగరు.

తమ్ముడూ, ఇదీ నా జవాబు. రైతు ఉద్యమంలో ఉందాం, కానీ జెండా కర్రలం కావొద్దు. ఐరిష్ రైతుల్లాగే ముందే షరతు పెడదాం. సాయం దున్నేవాడికి పోవాలి. ఎకరాలకు పరిమితి ఉండాలి. కూలి రేటు కూడా డిమాండ్ల పత్రంలో మద్దతు ధర పక్కనే ఉండాలి. ఒప్పుకుంటే భుజం కలుపుదాం. ఒప్పుకోకపోతే, వాళ్లు ‘రైతు’ అన్న ప్రతిసారీ “ఏ రైతు?” అని నిలబెట్టి అడుగుదాం.

బాబాసాహెబ్ 1947లో ‘స్టేట్స్ అండ్ మైనారిటీస్’లో సబ్సిడీ అడగలేదు. భూమినే ప్రభుత్వపరం చేసి, కులభేదం లేకుండా ఊరివాళ్లందరికీ ఉమ్మడి సాగుకు ఇమ్మన్నాడు. అప్పుడు భూస్వామీ ఉండడు, కౌలుదారూ ఉండడు, భూమిలేని కూలీ ఉండడు. ఎకరాల లెక్క మొదలుపెడితే అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

జై భీమ్.