విశ్వవిద్యాలయోద్యోగ ప్రకటనలు

ఉపాధ్యాయ పదవులకై విశ్వవిద్యాలయమువారు వెలువరించు ప్రకటన వట్టి సమాచారము కాదు. అది అభ్యర్థికిచ్చిన మాట. ఆ మాట అస్పష్టమైనచో పక్షపాతమునకు తలుపు తెఱచినట్లే.

"అర్హతలు నిబంధనల ప్రకారము" అని వ్రాసి యూరకుండుట చాలదు. 2023 జులై 1 నుండి సహాయాచార్య పదవికి పిహెచ్.డి. ఐచ్ఛికమైనది, నెట్, సెట్, స్లెట్ పరీక్షలలో నొకదాని యుత్తీర్ణతయే కనీసార్హత. పాత ప్రకటననే మరల అచ్చువేసినచో అర్హుడు అనర్హుడనని భ్రమించి దూరముగా నుండిపోవును.

రిజర్వేషన్ల లెక్కయు నిట్టిదే. శాఖను యూనిట్టుగా గొన్నచో, రెండు మూడు పదవులు గల శాఖలలో వెనుకబడిన వర్గములకు వంతే రాదు. కావుననే 2019 నాటి చట్టము కేంద్ర విద్యాసంస్థలలో సంస్థనంతటిని ఒకే యూనిట్టుగా నిర్ణయించినది. ఏ పదవి ఏ వర్గమునకో ప్రకటనలోనే తేటపఱుపవలెను.

నియామక క్రమము మొదలైన పిదప, నిబంధనలుగాని ప్రకటనగాని అనుమతించిననే తప్ప, అర్హతా నియమములను నడుమ మార్చరాదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము 2024 నవంబరు 7న తీర్పు చెప్పినది. తొలుత తొందరపడి వ్రాసి, తరువాత దిద్దుకొందమనుట ఇక చెల్లదు. వ్యాజ్యములు సాగినన్నాళ్లు తరగతులలో బోధించువారుండరు. నష్టము మన బిడ్డలదే.

ఖాళీలు, వర్గము, అర్హత, వేతనము, ఎంపిక విధానము, గడువు: ఇవి స్పష్టముగా నుండవలెనని మేము కోరుచున్నాము. పల్లెటూరి పట్టభద్రుడు వకీలు సాయము లేకయే గ్రహింపగలిగినదే ప్రకటన.