సంపు మూత తెరిచిపెట్టి తఖ్దీర్ అనవచ్చునా?

నీళ్ల సంపులో పడి పసిబిడ్డ చనిపోయిన ఇంటికి పరామర్శకు వెళ్లినవారు తల్లిదండ్రులతో అనే మాట దాదాపు ఒక్కటే. "అల్లాహ్ ఇచ్చాడు, అల్లాహ్ తీసుకున్నాడు, సబర్ చేయండి." ఆ మాటలో తప్పు లేదు. కన్నబిడ్డను పోగొట్టుకున్నవారికి అంతకు మించిన ఓదార్పు కూడా లేదు. దైవప్రవక్త ముహమ్మద్ (స) తమ పసికుమారుడు ఇబ్రాహీమ్ మరణించినప్పుడు కన్నీరు పెట్టారే తప్ప, ప్రభువుకు నచ్చని మాట ఒక్కటీ పలకలేదు. అయితే పరామర్శ ముగించుకుని ఆ ఇంటి గడప దాటిన తర్వాత కూడా మనం అదే మాట దగ్గర ఆగిపోతున్నాం. ఆ సంపుకు మూత ఎందుకు లేకపోయిందని ఆలోచించం. అదే గల్లీలో ఉన్న మన సంపుకు మూత ఉన్నదో లేదో చూసుకోం. బిడ్డ పోయిన ఇంట్లో ఆ ప్రశ్న అడగకూడదు, నిజమే. మన ఇంట్లో మనం అడుక్కోవడానికి అడ్డేమిటి?

తఖ్దీర్‌ను నమ్మడం ఈమాన్‌లో భాగం. కానీ దాన్ని ఎలా నమ్మాలో కూడా ధర్మమే నేర్పింది. ఒంటెను కట్టివేసి అల్లాహ్‌పై భారం వేయాలా, లేక వదిలేసి భారం వేయాలా అని ఒక వ్యక్తి అడిగితే, ముందు కట్టు, ఆపై తవక్కుల్ చెయ్యి అనే భావం వచ్చేలా ప్రవక్త (స) జవాబిచ్చారని తిర్మిజీ గ్రంథంలో ఉంది. సిరియాలో ప్లేగు వ్యాపించినప్పుడు హజ్రత్ ఉమర్ (రజి) తన బృందంతో సర్గ్ అనే చోటు నుంచే వెనుదిరిగారు. అల్లాహ్ విధివ్రాత నుంచి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) ప్రశ్నించగా, ఒక విధివ్రాత నుంచి అల్లాహ్ రాసిన మరో విధివ్రాత వైపే వెళ్తున్నామని ఉమర్ (రజి) సమాధానమిచ్చారు. ఖలీఫా తన మనుషుల ప్రాణాల విషయంలో చూపిన ఈ జాగ్రత్తను మనం మన పిల్లల విషయంలో చూపకపోతే అది తవక్కుల్ కాదు, బద్ధకం.

పాత నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఈ మాట మరీ గట్టిగా చెప్పుకోవాలి. మనది నీళ్ల కోసం తపించిన నేల. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు తరాల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోయినవారిని చూశాం. పాలమూరు నుంచి పొట్టకూటికి వలస వెళ్లిన కుటుంబాలకు లెక్క లేదు. 2016లో మిషన్ భగీరథ మొదలై కృష్ణా నీళ్లు గడపకు చేరినా, దొరికిన నీటిని దాచుకునే అలవాటు మన ఒంట్లో జీర్ణించుకుపోయింది. వాకిట్లో సంపు, పక్కన డ్రమ్ము, గుసుల్‌ఖానాలో నిండా నింపిన బకెట్లు, పెరట్లో గోళెం, పొలంలో రెండు మూడు బోర్లు, వాటిలో ఒకటో రెండో ఎండిపోయినవి. నీటి కోసం మనం తవ్వినవీ, నీటిని దాచినవీ పిల్లలకు ప్రమాదాలై కూర్చున్నాయి.

పసివాడు మునిగిపోవడానికి చెరువు అక్కరలేదు. ఏడాది, రెండేళ్ల బిడ్డకు శరీరంతో పోలిస్తే తల బరువు ఎక్కువ. బకెట్‌లోకి తొంగిచూసి తలకిందులైతే తనంతట తాను లేవలేడు. జానెడు నీళ్లు చాలు. పైగా మునిగే పిల్లవాడు కేకలు వేస్తాడని, నీళ్లు తపతపలాడతాయని మనం అనుకుంటాం. అలా జరగదు. శ్వాస ఆడనివాడికి అరుపు ఎక్కడి నుంచి వస్తుంది? వంటింట్లో ఉన్న తల్లికి పెరట్లో ఏమీ వినిపించదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచంలో సుమారు 3 లక్షల మంది నీట మునిగి మరణించగా, వారిలో దాదాపు నాలుగో వంతు అయిదేళ్లలోపు పిల్లలే.

హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించిన ఒక హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. చీకటి పడే వేళ పిల్లలను ఇంట్లో ఆపుకోమని, బిస్మిల్లాహ్ అని తలుపులు మూయమని, నీటి తిత్తుల మూతులు కట్టమని, పాత్రలపై మూత పెట్టమని, నిద్రపోయే ముందు దీపాలు ఆర్పమని అందులో ప్రవక్త (స) ఆదేశించారు. మూత దొరక్కపోతే అడ్డంగా ఒక పుల్ల అయినా పెట్టమన్నారు. ఎలుక దీపం వత్తిని లాక్కెళ్లి ఇంటిల్లిపాదినీ కాల్చేయవచ్చునన్న హెచ్చరిక కూడా మరో ఉల్లేఖనంలో వచ్చింది. ఈ హదీసును మన ఇళ్లలో ఎలా అర్థం చేసుకున్నాం? షైతాన్ల నుంచి, నజర్ నుంచి రక్షణ అన్నంత వరకే తీసుకుని బిడ్డ మెడలో తావీదు, నడుముకు నల్లదారం కట్టి ఊరుకుంటున్నాం. అదే సమయంలో సంపు మీద సగం విరిగిన రేకు ముక్క పడి ఉంటుంది. మెడకు కట్టిన దారం నిద్రలో బిగుసుకుంటే అదే ప్రమాదమని కూడా ఎవరూ చెప్పరు. పాత్రకు మూత పెట్టమన్న ప్రవక్త (స) ఆదేశం గిన్నెకు వర్తించి సంపుకు వర్తించదా?

సంపు మూత సంగతి వివరంగా చెప్పాలి. ట్యాంకరు పైపు దించడానికనో, మోటారు చూడడానికనో మూత తీస్తాం, తిరిగి పెట్టడం మరచిపోతాం. అందువల్ల తీసి పక్కన పెట్టే రేకు పనికిరాదు. బందులు బిగించి, గొళ్లెం, తాళం ఉన్న ఇనుప మూత కావాలి. సంపు నోటిని నేలమట్టంగా వదలక చుట్టూ అడుగున్నర కట్ట లేపాలి. మూత కింద ఇనుప చువ్వల జాలీ ఒకటి బిగిస్తే, మూత తెరిచి ఉన్న అయిదు నిమిషాల్లో కూడా బిడ్డ లోపల పడదు. ఇది ఏ వెల్డింగ్ షాపులోనైనా ఒక పూట పని. అఖీఖా దావత్‌కు వేలు ఖర్చు చేసేవారికి ఈ ఖర్చు భారమని నేను ఒప్పుకోను.

ఇక్కడ ఇంకో మాట. ప్రమాదం జరగ్గానే వేలు చూపించేది తల్లి వైపే. "బిడ్డను చూసుకోలేకపోయిందా?" అంటారు. నీళ్లు పట్టేది, వంట చేసేది, బట్టలుతికేది, అత్తమామలకు మందులిచ్చేది, చంటివాడికి పాలిచ్చేది ఆమే. ఆమెకున్నవి రెండే కళ్లు. ప్రతి ఒక్కరూ కాపరే, ప్రతి ఒక్కరూ తన బాధ్యత గురించి ప్రశ్నించబడతారన్న హదీసులో భర్త పేరు భార్య కంటే ముందు వస్తుంది. సంపు కట్టించింది మగవాడు, మూత లేకుండా వదిలింది మగవాడు. జవాబు మాత్రం ఆమె చెప్పాలట!

బంగ్లాదేశ్‌లో పల్లె పల్లెకూ కుంట ఉంటుంది. అక్కడ పసిపిల్లలు ఎక్కువగా మునిగిపోయేది తల్లులు ఇంటి పనిలో తీరిక లేకుండా ఉండే పొద్దుటి వేళలోనే అని పరిశీలకులు గుర్తించారు. అందుకని 'ఆంచల్' పేరుతో ఏడాది నుంచి అయిదేళ్ల లోపు పిల్లలను ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 1 గంట వరకు ఊళ్లోనే ఒక ఇంట్లో చూసుకునే ఏర్పాటు చేశారు. ఆ కేంద్రాలకు వెళ్లే పిల్లల్లో మునిగి చనిపోయేవారు చాలా తగ్గారు. ఆ అనుభవంతోనే 2022లో అక్కడి ప్రభుత్వం 8 వేల కేంద్రాలకు అనుమతి ఇచ్చింది. మన అంగన్‌వాడీ బడికి వెళ్లేది మూడేళ్లు నిండినవారు. ఒకటి నుంచి మూడేళ్ల మధ్య పిల్లలే అన్నింటికంటే ప్రమాదంలో ఉంటారు, వారికి ఏ ఏర్పాటూ లేదు. మొహల్లాలో నలుగురు దాదీలు, నానీలు వంతులవారీగా ఒక వాకిట్లో కూర్చుంటే ఆ లోటు కొంత తీరదా?

ఇంటి సంగతి ఇలా ఉండగా, పొలాల్లోని బోరు గుంతలు వేరే కథ. మన రాతినేలలో కేసింగ్ పైపు పైనున్న వదులు మట్టి వరకే దించుతారు, కింద అంతా రాయి. నీళ్లు పడకపోతే పైపుకు పెట్టిన డబ్బు పోతుందని రైతు దాన్ని పైకి లాగి మరో బోరుకు వాడుకుంటాడు. మిగిలేది నోరు తెరిచిన గుంత. 2014 అక్టోబరులో, నల్గొండకు ఆనుకుని ఉన్న మంచాల మండలంలో నాలుగేళ్ల పాప అలాంటి గుంతలో పడి మరణించింది. 2017 జూన్‌లో చేవెళ్ల మండలం ఇక్కారెడ్డిగూడలో పద్దెనిమిది నెలల పాప పడితే రేయింబవళ్లు తవ్వినా ప్రాణం దక్కలేదు. 2020 మేలో మెదక్ జిల్లా పొడ్చన్‌పల్లిలో మూడేళ్ల బాలుడు పడింది వేరెవరి గుంతలోనో కాదు. తమ సొంత పొలంలో కొత్తగా వేసి, నీళ్లు పడక వదిలేసిన బోరులోనే.

ఈ విషయంలో సుప్రీంకోర్టు 2010 ఫిబ్రవరి 11నే మార్గదర్శకాలు ఇచ్చింది. బోరు వేసే 15 రోజుల ముందు అధికారులకు రాతపూర్వకంగా తెలపాలి. పని జరిగే చోట ముళ్లకంచె, హెచ్చరిక బోర్డు ఉండాలి. కేసింగ్ చుట్టూ సిమెంటు దిమ్మె కట్టి, పైపు నోటికి ఇనుప పలక వెల్డింగ్ చేయడమో, బోల్టులతో మూత బిగించడమో చేయాలి. వదిలేసిన బోరును అడుగు నుంచి నేలమట్టం వరకు మట్టి, ఇసుక, రాళ్లతో పూడ్చాలి. 2002 నాటి వాల్టా చట్టం కూడా ఉంది. చట్టానికి లోటు లేదు, పూడ్చే చేతులకే లోటు.

బావిలో పడి చనిపోయినవారికి పరిహారం లేదన్న భావంతో ఒక హదీసు ఉన్నది కదా అని ఎవరైనా అనవచ్చు. ఉంది. కానీ ధార్మిక పండితులు దాన్ని సొంత స్థలంలోనో, ఎవరూ తిరగని బంజరులోనో తవ్విన బావికి పరిమితం చేశారు. ప్రజలు నడిచే దారిలో అనుమతి లేకుండా బావి తవ్వితే, అందులో పడి ఒకరు మరణిస్తే, తవ్వినవాని పక్షంపై దియత్, అంటే రక్తపరిహారం పడుతుందని హనఫీ గ్రంథం హిదాయా చెబుతోంది. మన జిల్లాల ముస్లింలలో అత్యధికులు హనఫీలే. గొర్రెల కాపరి పిల్లలు, కూలీల పిల్లలు, పత్తి ఏరడానికి వచ్చిన తల్లుల చంటిబిడ్డలు తిరిగే పొలం గట్టును "ఎవరూ తిరగని చోటు" అని ఏ ముఫ్తీ సాహెబ్ అంటారు?

మిగతా ప్రమాదాల సంగతి క్లుప్తంగా. ఈ రెండు జిల్లాలూ ఆముదం పంటకు పేరుపడ్డవి. ఆముదం నూనె మందే గానీ గింజలో రిసిన్ అనే విషం ఉంటుంది, నమిలితే ప్రాణాపాయం. గింజల బస్తా పిల్లలకు అందే చోట ఉండకూడదు. పురుగుమందు ఖాళీ డబ్బా కడిగి వంటింటికి తేవడం అంతకంటే ఘోరం. 2013 జూలైలో బీహార్‌లోని సారణ్ జిల్లాలో బడి భోజనం తిన్న 23 మంది పిల్లలు మోనోక్రోటోఫాస్ కలిసిన వంటనూనె వల్లనే చనిపోయారు. పురుగుమందు, యాసిడ్, కిరోసిన్ ఏది మింగినా ఉప్పునీళ్లు పోసి కక్కించవద్దు, డబ్బా వెంట తీసుకుని 108లో ఆసుపత్రికి వెళ్లాలి. పాలమూరు పల్లీలు ఎంత రుచైనా నాలుగైదేళ్ల లోపు పిల్లలకు గింజగా పెట్టకూడదు, శ్వాసనాళంలో అడ్డుపడతాయి. రమజాన్‌లో ఇఫ్తార్‌కు ముందు అరగంట వంటింట్లో నూనె మరుగుతుంటుంది, పెద్దల కళ్లు గడియారం మీద ఉంటాయి. పిల్లలను పట్టుకోవలసిన వేళ సరిగ్గా అదే. కాలితే ఇరవై నిమిషాలు మామూలు నీటి ధార కింద ఉంచాలి. టూత్‌పేస్టు, పసుపు పూయకూడదు. ఎండాకాలం మిద్దెపై పడుకునేవారు ఒక హదీసు గుర్తుంచుకోవాలి. అడ్డుగోడ లేని కప్పుపై నిద్రించేవానికి రక్షణ బాధ్యత తొలగిపోతుందన్న భావంతో అది అబూ దావూద్ గ్రంథంలో ఉంది. పిట్టగోడ కట్టించడం కూడా దీనిపనే.

నీట మునిగిన బిడ్డను తలకిందులుగా పట్టి ఊపడం, పొట్ట నొక్కడం మన ఊళ్లలో ఇంకా మానలేదు. దానివల్ల విలువైన నిమిషాలు వృథా అవుతాయి. నోటితో శ్వాస అందించడం, ఛాతీ నొక్కడం డాక్టర్ దగ్గరో, 108 సిబ్బంది దగ్గరో మొహల్లాకు పదిమంది యువకులైనా నేర్చుకోవాలి.

మసీదు కమిటీలు ముందు తమ ఇంటిని చక్కదిద్దుకోవాలి. వుజూ హౌజుకు జాలీ ఉన్నదా? ఖబరస్తాన్‌లో, వక్ఫ్ భూముల్లో ఎండిన బోర్లు ఎన్ని? వాటిని లెక్కపెట్టి ఒక జుమా రోజు పూడ్పించవచ్చు. ఉరుసుకు జాన్‌పహాడ్ వెళ్లినా, కందూరు చేయడానికి జహంగీర్ పీర్ దర్గాకు వెళ్లినా మరిగే దేగుల చుట్టూ తాడు కట్టించే బాధ్యత ఒకరికి అప్పగించాలి. ఇమామ్ సాహెబ్‌లు మాఘం, ఫాల్గుణం మధ్యలోనే ఒక బయాన్ ఈ విషయానికి కేటాయిస్తే బాగుంటుంది. ఎండలు ముదిరి, బోరుబండ్లు ఊళ్లకు దిగిన తర్వాత చెబితే అప్పటికే గుంతలు పడి ఉంటాయి.