చదివామని చెప్పుకున్న ఏడాది

డిసెంబరు వచ్చిందంటే పత్రికల వాళ్లు ఫోన్ చేసి, ఈ ఏడాది మీకు నచ్చిన తెలుగు పుస్తకాలు చెప్పండి అంటారు. ఈసారీ అడిగారు. ఎప్పటిలాగే గుర్తొచ్చిన పేర్లు చెప్పేశాను. ఫోన్ పెట్టేశాక ఆలోచిస్తే, వాటిలో మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివినవి సగం కూడా లేవు. కొన్నిటికి ముందుమాట చదివాను. కొన్నిటి గురించి ఫేస్‌బుక్‌లో ఎవరో రాస్తే చూశాను. చెప్తున్నప్పుడు అబద్ధమాడుతున్నానని అనిపించలేదు. ఇప్పుడు బాధగా ఉన్నది అందుకే.

అసలు చదవలేదా అంటే, చదివాను. రాత్రిపూట ఏదో ఒకటి చదవందే నిద్ర పట్టదు నాకు. కానీ చదివింది ఎక్కువ భాగం ఇంగ్లీషు. కొరియా నవలలు, జపాను నవలలు, లాటిన్ అమెరికా కథలు. అవి చదవడం తప్పని అనను. తెలుగులో చదివినవేమో మళ్లీ చదివినవే. బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' ఇంకోసారి, కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు' ఇంకోసారి. ఎన్నిసార్లు చదివినా తనివి తీరని పుస్తకాలే. అయితే వాటి దగ్గర నాకు ఏ శ్రమా లేదు. గొప్పవని ముందే పెద్దలు తేల్చేశారు. ఇవాళ రాస్తున్న కుర్రాడి కథలు తెరిస్తే బాగున్నాయో లేదో నేనే తేల్చుకోవాలి, లేదంటే ఎందుకు లేవో చెప్పాలి. ఆ పని తప్పించుకున్నాను. నాతోటివాళ్లం చాలామందిమి తప్పించుకున్నాం. పోయినవాళ్లను తలుచుకుంటూ, ఉన్నవాళ్లను ఒంటరిగా వదిలేశాం.

ఆవిష్కరణ సభలు మాత్రం మానలేదు. మొన్న ఒక సభలో నన్నూ మాట్లాడమన్నారు. పుస్తకం ముందే కొరియర్‌లో పంపారు. ముందుమాటా, మొదటి రెండు కథలూ చదివి వెళ్లి పావుగంట మాట్లాడాను. చప్పట్లు కొట్టారు, శాలువా కప్పారు. గుమ్మం పక్కన బల్ల మీద పుస్తకాలు పేర్చుకుని, రసీదు పుస్తకం ముందు పెట్టుకుని రచయిత భార్య కూర్చుంది. టీ గ్లాసులు పట్టుకుని మేమంతా ఆ బల్ల ముందు నుంచే నడిచాం. కొందరం ఒక కాపీ తీసి, వెనక అట్ట చదివి, వెల చూసి, "సారు నాకు పంపుతానన్నారమ్మా" అని మళ్లీ అక్కడే పెట్టాం. వెల 150 రూపాయలు. ఆ సాయంత్రం ఆటోకి నాకు అంతకన్నా ఎక్కువే అయింది.

తెలుగులో కథల పుస్తకం ఎలా వస్తుందో మనకు తెలియనిది కాదు. చాలాసార్లు రచయితే సొంత డబ్బు పెట్టి 500 కాపీలు వేయించుకుంటాడు. కొన్ని సమీక్షలకు, కొన్ని అవార్డు కమిటీలకు, కొన్ని మాలాంటి వాళ్లకు ఉచితంగా పోతాయి. అమ్మకానికి ఇచ్చినవాటి డబ్బు ఎప్పుడో వస్తుంది, కమిషన్ పోను. మిగిలినవి అట్టపెట్టెల్లో మంచం కింద ఉంటాయి. ఇదంతా తెలిసే, 'ఒక కాపీ పంపించు తమ్ముడూ' అంటాం. అలా అనడం అభిమానమే అనుకుంటాం. కొంత అభిమానం కూడా ఉందేమో. అయినా అలా వచ్చిన పుస్తకం చదవాలన్న తొందర నాకు ఎన్నడూ కలగలేదు.

పత్రికల సంగతీ ఇంతే. 'భారతి' 1991లో ఆగిపోయినప్పుడు యాజమాన్యాలను అన్నాం. 1978లో మొదలైన 'విపుల', 'చతుర' కరోనా రోజుల్లో అచ్చు ఆగి, ఆనక పూర్తిగా ఆగిపోయినప్పుడు వాట్సాప్‌లో ఎన్ని సంతాపాలు రాసుకున్నామో! నేనూ రాశాను. వేరే భాషల కథలు నాకు మొదట పరిచయమైంది 'విపుల'లోనే. ఆ మాట రాశాను గానీ, చందా మానేసి చాలా ఏళ్లయిందని రాయలేదు. కింద వ్యాఖ్యలు పెట్టినవాళ్లలోనూ ఎవరూ రాయలేదు. 'చందమామ' పాత సంచికలన్నీ పీడీఎఫ్‌లుగా నా దగ్గరున్నాయి. అడిగినవాళ్లకల్లా పంపాను. దాని చివరి రోజుల్లో ఒక్క సంచిక కూడా కొన్న గుర్తు లేదు.

మా వీధి చివర శాఖా గ్రంథాలయం ఉంది. ఆ దారినే రోజూ వెళ్తాను, లోపలికి వెళ్లి ఎన్నాళ్లయిందో. ఈ నవంబరులో వారోత్సవాలకు పిలిస్తే వెళ్లాను. పెద్దవాళ్లు పేపర్లు చదువుకుంటున్నారు, పోటీ పరీక్షల పిల్లలు కూర్చుని రాసుకుంటున్నారు. సాహిత్యం బీరువాకి తాళం. అడిగితే తీశారు. ఒక నవల తీసి వెనక అట్టకు అంటించిన తేదీల చీటీ చూశాను. చివరి ముద్ర 2003. ఒకప్పుడు గ్రంథాలయాలు జనమే పెట్టుకున్నారు. వేటపాలెంలో కుర్రాళ్లు 1918లో సారస్వత నికేతనం గ్రంథాలయం మొదలుపెట్టారు. దాని భవనానికి 1929లో గాంధీ శంకుస్థాపన చేశారు. తెలుగుకి రాజాదరణ లేని నిజాం హైదరాబాదులో 1901లోనే శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పెట్టుకున్నారు. వాళ్లు చందాలు అడుక్కుని నడిపారు. మనకు ఆ అవసరం కూడా లేదు. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కడుతూనే ఉన్నాం. ఆ సొమ్ము గ్రంథాలయ సంస్థలకు జమకాక బకాయిలు పేరుకుంటున్నాయని పేపర్లో జిల్లా పేజీల్లో వస్తూనే ఉంటుంది. చదివి పేజీ తిప్పేస్తాను. మా వార్డులో ఎవరమూ ఒక్కసారీ వెళ్లి అడగలేదు.

మా అమ్మాయిని ఇంటర్‌లో చేర్పించేటప్పుడు సెకండ్ లాంగ్వేజ్ ఏదని అడిగారు. సంస్కృతమైతే మార్కులు బాగా వస్తాయన్నారు. ఆలోచించకుండా సంతకం పెట్టాను. సంస్కృతం మీద గౌరవంతో కాదు, తనకి ఇవాళ ఒక శ్లోకం కూడా రాదు. అదే వరసలో నా వెనక తెలుగు లెక్చరర్ ఒకాయన నిలబడి ఉన్నాడు, వాళ్ల అబ్బాయి కోసం. ఆయనా సంస్కృతమే రాయించాడు. ఒకరినొకరం చూసుకుని, ఏం చేస్తాం సార్ అన్నట్టు నవ్వుకున్నాం. ఆ పిల్లల తరం తెలుగు పుస్తకం పట్టడం లేదని తర్వాత ఇద్దరం వేదికలెక్కి వాపోయాం.

పోయిన వారం ఆ కథల రచయిత ఫోన్ చేశాడు. సభలో బాగా మాట్లాడారని థాంక్స్ చెప్పాడు. కాసేపాగి, "మూడో కథ గురించి ఎవరూ ఏమీ అనలేదు సార్. నేను ఎక్కువ కష్టపడింది దాని మీదే" అన్నాడు. చదువుతున్నాను తమ్ముడూ అన్నాను.

పత్రిక వాళ్లకు ఫోన్ చేసి, చదవనివాటి పేర్లు తీసెయ్యమన్నాను. పేజీ వెళ్లిపోయింది సార్ అన్నారు.

ఆ రాత్రి మూడో కథ చదివాను. మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీకి కాపలా కాసే మనిషి కథ. క్రషింగు ఉన్నప్పటి వాసన గురించి అతను మనవడికి చెప్పే చోట చాలా బాగా రాశాడు. చివర్లో మాత్రం తొందరపడ్డాడు. మనవడు తిరిగొచ్చే ఘట్టం ఇంకో రెండు పేజీలు నడవాలి. ఆ మాట సభలో, అందరి ముందూ, అతను వింటుండగా చెప్పాల్సింది. రేపు పొద్దున ఫోన్ చేసి చెప్తాను. నొచ్చుకున్నా సరే.