నాలుగో గడి

పేదోళ్ల పేరు మీద పనిచేసే సంస్థల్లో ఒక కొత్త పంతుళ్ల కులం పుట్టింది. వీళ్ల మెడలో జంధ్యం ఉండదు, ఫైలులో సర్టిఫికెట్ ఉంటది. మంత్రాలకు బదులు ఇన్‌పుట్, అవుట్‌పుట్, అవుట్‌కమ్, ఇండికేటర్. ఫలితాలను బట్టి నిర్వహణ అని దీనికి పేరు. పెట్టిన పైసకు ఏం ఫలితం వచ్చిందో చూపించాలె అంటరు. మంచి మాటే. మా వాడ పేరు మీద వచ్చిన పైస ఎటు పోయిందని అడగాల్సిన అవసరం మాకంటె ఎవరికున్నది? కానీ ఏది లెక్కకు వస్తది, ఏది రాదు అని తేల్చేది ఎవరు? తేల్చే అధికారమిచ్చే ఆ కాయితం ఎవరి చేతుల్లో పడుతున్నది? నా పేచీ అంతా ఇక్కడ.

నేను పాలమూరు మాదిగోణ్ణి. ఉస్మానియాలో ఎం.ఏ. చదివిన. హాస్టల్ సీటు లేని రోజుల్లో క్యాంపస్‌ను ఆనుకొని ఉన్న మాణికేశ్వరినగర్‌లో, అదే వడ్డెర బస్తీలో, నలుగురం ఒక్క రూములో ఉన్నం. అప్పటికి ప్రపంచ బ్యాంకు అప్పుతో 2000లో ఆరు జిల్లాల్లో మొదలైన వెలుగు ప్రాజెక్టు 2003లో మిగతా జిల్లాలకు పాకుతున్నది. గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ, సెర్ప్, దాన్ని నడిపింది. ఉద్యోగాలు పడుతున్నయంటే చదువుకున్న పోరగాళ్లం ఎగబడ్డం. ప్రాజెక్టు మేనేజ్‌మెంట్ సర్టిఫికెట్ ఉంటే పనైతదని ఎవరో అన్నరు. తార్నాకలో ఒక శిక్షణ సంస్థ ఉండె. పేరెందుకు లెండి. అప్పు చేసి ఫీజు కట్టిన.

అక్కడ నేర్పింది లాగ్‌ఫ్రేమ్. 1969లో అమెరికా సర్కారు విదేశీ సహాయ సంస్థ కోసం తయారైన పట్టిక అది. నిలువునా నాలుగు గడులు. ఏం చేస్తమో మొదటి గడి. అయ్యిందని తెలిసే గుర్తు రెండోది. రుజువు దొరికే చోటు మూడోది. నాలుగో గడిలో మన చేతిలో లేని సంగతులు రాయాలె. వానలు, ధరలు, సర్కారు మారుడు అసుంటివి.

ఒకరోజు అభ్యాసానికి మాదిగవాడకు పాడి బర్రెల పథకం ఇచ్చిన్రు. బర్రెలు కొనిచ్చుడు, పాలు అమ్ముడు, ఆదాయం పెరుగుడు, అంతా బాణం గుర్తులతో సక్కగ పోతున్నది. నేను లేచి, ‘‘మాదిగింట్ల పిండిన పాలు ఊర్ల ఎవలు కొంటరు సార్?’’ అన్న. ఆయన క్షణం ఆలోచించలే. ‘‘గుడ్ పాయింట్. నాలుగో గడిలో రాయండి. ఊరు పాలు కొంటుందని మన అంచనా.’’

వెయ్యేండ్ల కులం ఒక అంచనా అయ్యింది. ప్రాజెక్టు చేతిలో లేని వాన అయ్యింది. బర్రె ఎండిపోతే తప్పు మాదిగోనిది, ఊరిది కాదు. ఊరు నాలుగో గడిలో భద్రంగ కూసున్నది. మా దిక్కు గడీ అంటే దొర ఇల్లు. దాని ముందర మా తాత చెప్పులు చేతిలో పట్టుకొని నడిచిండు. ఈ గీతల గడి కాడ కూడ మమ్మల్ని అట్లనే నడవమన్నరు.

ఆఖరి అసైన్‌మెంటులో నేను కులాన్ని మొదటి గడిలోకి తెచ్చిన. గుర్తు: ఊరి హోటల్లో రెండు గ్లాసుల పద్ధతి పోయిందా లేదా. కొలవడానికి వీలు కాదని కొట్టేసిన్రు. రెండు గ్లాసులు, ఒక్క గ్లాసు. ఇంతకంటె తేటగ లెక్కపెట్టే వస్తువు వాళ్లకు యాడ దొరుకుతదో నాకైతె తెల్వదు. మార్చి రాయమన్నరు. రాయలే. సర్టిఫికెట్ రాలే.

మా చిన్నమ్మ సంగతి వినుండ్రి. సంతకం ఒక్కటే నేర్చింది. పొదుపు సంఘంలో పదేండ్లు చేసినంక ఆమెను కమ్యూనిటీ రిసోర్స్ పర్సన్ అన్నరు. మన ఆడోళ్లు అట్ల జట్లుగ బీహార్‌దాక పోయి సంఘాలు కట్టి వచ్చిన్రు. 2011లో కేంద్రం పెట్టిన జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ నడిచిన తొవ్వ వీళ్లు ఏసిందే. ‘‘హిందీ రాకుంట ఎట్ల చెప్పినవ్ చిన్నమ్మా?’’ అంటే, ‘‘ఏమున్నదిరా, నా పొదుపు పుస్తకం ముందట పెట్టిన. మొదటి పేజీల ఎంత, ఆఖరు పేజీల ఎంత, ఏలు పెట్టి చూపిచ్చిన. సమజైంది ఆళ్లకు’’ అన్నది. తార్నాకలో బేస్‌లైన్, ఎండ్‌లైన్ అని మూడు రోజులు చెప్పింది ఇదే. ఆమెకు దినానికింత అని కట్టిచ్చి పంపిన్రు. రిపోర్టు మీద పేరు ఎం.బి.ఏ. సారుది. ఆమె రిసోర్సు, ఆయన ప్రొఫెషనల్.

కాయితం ఉన్నోళ్ల ఫలితాలు కూడ చూసినం. 2010లో ఇదే రాష్ట్రంలో ప్రైవేటు మైక్రోఫైనాన్సు కంపెనీలు చూపిన ఘనమైన ఇండికేటర్ ఏంది? తిరిగొచ్చిన అప్పుల శాతం. దాదాపు నూటికి నూరు. ఆ అంకె కోసం ఎవరి పుస్తెలు అమ్ముడువోయినయో ఏ గడిలోనూ లేదు. ఆడోళ్ల ఆత్మహత్యలు పేపర్లకెక్కినంక, ఆ అక్టోబరులో సర్కారు ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది.

అసలైన ఫలితాల లెక్క ఎవరు చేసిన్రో కూడ చెప్పాలె. ఎస్సీల జనాభాకు తగ్గ వాటా బడ్జెట్లో ఉండాలని 1979-80లోనే స్పెషల్ కాంపోనెంట్ ప్లాన్ వచ్చింది. కాయితం మీద వాటా ఉన్నది, వాడకు రాలే. దళిత సంఘాలోళ్లు బడ్జెట్ పుస్తకాలు, జీవోలు ముందటేసుకొని ఏ పద్దు కింద ఎంత మళ్లించిన్రో వరుస వరుస తీసిన్రు. రోడ్డెక్కిన్రు. 2013లో సబ్‌ప్లాన్ చట్టం వచ్చింది. తెలంగాణలో 2017లో దాని స్థానంలో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం తెచ్చిన్రు. ఆ లెక్కలు తీసినోళ్లకు ఎవరిచ్చిన్రు సర్టిఫికెట్?

ఈ విద్యకు పుట్టినిల్లు అమెరికా అంటరు గదా, అక్కడి సంగతే చూద్దాం. నల్లవాళ్ల పౌరహక్కుల పోరాటం నడుస్తుండంగ, 1964లో పేదరికం మీద యుద్ధమని చట్టం తెచ్చిన్రు. నిర్ణయాల్లో పేదలు వీలైనంత ఎక్కువగ పాల్గొనాలని అందులోనే రాసిన్రు. ఆ చట్టం కింద పుట్టిన కమ్యూనిటీ యాక్షన్ ఏజెన్సీలకు 1994లో ‘రోమా’ అని ఫలితాల నిర్వహణ పద్ధతి పెట్టిన్రు. దానికీ శిక్షణ, దానికీ సర్టిఫికెట్లు. అయితే ఆ ఏజెన్సీల బోర్డులో కనీసం మూడో వంతు పేదలు ఎన్నుకున్న ప్రతినిధులుండాలని చట్టమే ఉన్నది. మనోళ్లకు గడులు కావాలె, పరీక్షలు కావాలె. ఆ మూడో వంతు కుర్చీలు మాత్రం వద్దు.

ఉస్మానియాలో సోషియాలజీ, సోషల్ వర్క్ చదువుతున్న తమ్ముళ్లారా, చెల్లెండ్లారా, రేపు ఈ కొలువులకు మీరే పోతరు. పొండ్రి. ఆ గడులు కూడ నేర్వుండ్రి, మనకు పనికొస్తయి. కానీ ఊరు పాలు కొన్నదా లేదా అనేది రెండో గడిలో రాయుండ్రి. పరీక్ష తెలుగులో పెట్టుమని కొట్లాడుండ్రి. పెట్టేటోళ్లలో మూడో వంతు మా చిన్నమ్మ అసుంటోళ్లు ఉండాలని పట్టుబట్టుండ్రి. చేసిన పనిని చూసి పట్టా ఇయ్యడం ఈ క్యాంపస్‌కు తెల్వని విద్య కాదు. 1953లో అంబేద్కర్‌కు గౌరవ డాక్టరేటు ఇచ్చిన యూనివర్సిటీ ఇది.

చిన్నమ్మ కాయితం మీద సంతకం పెట్టేది ఎవరో, ఏ ఆఫీసో చెప్పుండ్రి. పొదుపు పుస్తకంతో సహా ఆమెను బస్సెక్కించి తీసుకొస్త.